వేసవి సెలవుల్లో వినదగిన ఇండీ పాప్ బృందాలు

పరీక్షలు అవగానే ట్రంకు పెట్టెలు సర్దుకుని మనమంతా ఊళ్లకు బయలుదేరతాం. మే నెల ఎండకు మధ్యాహ్నం గడప దాటలేం. అప్పుడు తోడుండేవి పాటలే. మనం వినేవాటిలో ఎక్కువ భాగం సినిమా పాటలు, మిగిలినవి జానపదాలు. అవి ఎలాగూ వింటాం. సినిమాతో సంబంధం లేకుండా, పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా నలుగురు స్నేహితులు కూడి కట్టుకున్న పాటలు కూడా లోకంలో ఉన్నాయి. వాటిని ఇండీ పాప్ అంటారు. వాటిని మన హాస్టల్ మిత్రులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇండీ అనేది ఇండిపెండెంట్ అనే మాటకు పొట్టి రూపం. అంటే స్వతంత్రమైనదని అర్థం. 1990లలో టీవీల్లో మోగిన అలీషా చినాయ్, లక్కీ అలీ పాటలను కూడా ‘ఇండీపాప్’ అనేవారు గాని, అక్కడ ఇండీ అంటే ఇండియా. వాటిలో చాలావరకు పెద్ద క్యాసెట్ కంపెనీలు తీసినవే. కాబట్టి ఆ రెంటినీ ఒకటిగా అనుకోకూడదు.

ఈ పద్ధతికి దారి చూపినవారిలో ముఖ్యులు ఇంగ్లండులోని మాంచెస్టర్ కుర్రాళ్లు. వాళ్ల బృందం పేరు బజ్‌కాక్స్. అప్పట్లో రికార్డు తీయాలంటే లండన్‌లోని పెద్ద కంపెనీల గుమ్మం తొక్కాల్సిందే. వీళ్లు 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డు సొంతంగా వేసుకున్నారు. మొదట అచ్చు వేసినవి 1,000 ప్రతులు. ఏ పాట ఎన్నోసారి పాడితే కుదిరిందో అట్ట మీదే వేశారు! అది చూసినవాళ్లకు ‘ఇదేమీ బ్రహ్మవిద్య కాదు, మనమూ చేయొచ్చు’ అనిపించింది. వాళ్లది చెవులు అదిరే పంక్ సంగీతం. అదే పద్ధతిలో మెత్తని పాటలు కట్టినవాళ్లు స్కాట్లండులోని గ్లాస్గోలో వచ్చారు. 1980 ప్రాంతంలో ఆరెంజ్ జ్యూస్ బృందం అలా మొదలైందే. 1986లో ఎన్.ఎం.ఇ. అనే సంగీత వారపత్రిక ఇలాంటి 22 చిన్న బృందాల పాటలను ఒక్క క్యాసెట్‌లో వేసి పోస్టులో అమ్మింది. దాని పేరు సి86.

మరుసటి ఏడాది, 1987లో, బ్రిస్టల్ నగరంలో క్లేర్ వాడ్, మాట్ హేన్స్ అనే ఇద్దరు సారా రికార్డ్స్ ప్రారంభించారు. అంతకుముందు వాళ్లు చేసిన పని ఏమిటో తెలుసా? మనం ఈ సంచిక తెచ్చినట్టే, సొంతంగా చిన్న చిన్న సంగీత పత్రికలు తెచ్చారు. కొనేవాడి జేబుకు భారం కాకూడదని ఎక్కువగా చిన్న రికార్డులే వేశారు. 1995లో నూరో సంఖ్య పూర్తికాగానే సంస్థను తామే మూసేశారు. నడుస్తున్న దుకాణాన్ని మూయడానికి గుండె ధైర్యం కావాలి. వాళ్ల బృందాల్లో ఫీల్డ్ మైస్, హెవెన్లీ తప్పక వినాలి.

ఇక నాకు అన్నిటికంటె నచ్చిన బృందం బెల్ అండ్ సెబాస్టియన్. ఇదీ గ్లాస్గోదే. ‘ఇవన్నీ డబ్బున్న పిల్లల సరదాలు’ అనే మిత్రులు దీని కథ వినాలి. పాటలు రాసే స్టూవర్ట్ మర్డాక్ విపరీతమైన నీరసం కలిగించే దీర్ఘకాల జబ్బుతో చదువూ, పనీ లేకుండా ఏళ్ల తరబడి ఇంట్లో పడి ఉన్నాడు. పాటలు కట్టడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. తరువాత ఒక చర్చి హాలు చూసుకునే పనిలో కుదిరి, అక్కడే పై గదిలో ఉండేవాడు. పని లేని సంగీతకారుల కోసం ప్రభుత్వ ఖర్చుతో నడిచిన శిక్షణ తరగతిలో అతనికి స్టూవర్ట్ డేవిడ్ అనే తోడు దొరికాడు. ఇద్దరూ కలిసి బృందం కట్టారు.

ఆ ఊళ్లో స్టో కాలేజీ ఉండేది. మన పాలిటెక్నిక్‌ల వంటిదే. సంగీత వ్యాపారం నేర్చుకునే అక్కడి విద్యార్థులు పాఠంలో భాగంగా ఏటా ఒక రికార్డు తీసేవారు. మామూలుగా ఒకటి రెండు పాటలే. మర్డాక్ దగ్గర పాటలు దండిగా ఉండటంతో 1996లో ఏకంగా టైగర్‌మిల్క్ అనే పూర్తి ఆల్బం తీశారు. వేసింది 1,000 ప్రతులే. అవి నోటిమాట మీదే చేతులు మారాయి. 1999లో ఈ బృందానికి బ్రిటన్‌లో పెద్దదైన బ్రిట్ అవార్డుల్లో కొత్త బృందం బహుమతి వచ్చింది. టైగర్‌మిల్క్‌ను మళ్లీ అచ్చు వేసింది కూడా ఆ ఏడాదే. సర్కారు తరగతి, కాలేజీ పాఠం, చర్చి గది - ఈ మూడూ లేకపోతే ఆ పాటలు మనదాకా వచ్చేవా?

ఈ పాటలు వేసవికే ఎందుకంటారా? గ్లాస్గోలో నడివేసవిలోనూ ఎండ 20 డిగ్రీలు దాటితే గొప్ప. అందుకే వాళ్లకు ఎండంటే పండగ. మనకు 44 డిగ్రీల ఎండ శిక్ష. కాబట్టి మనం వీటిని వినవలసింది పొద్దుగూకాక, డాబా మీద నీళ్లు చల్లుకుని పక్క పరుచుకున్నాక. గిటారు తీగలు గజ్జెల్లా గలగలమంటాయి. బాణీ హుషారుగా, మాటలు దిగులుగా ఉంటాయి. గాయకులు అరవరు, పక్కన కూర్చుని మాట్లాడినట్టు పాడతారు. ఇంగ్లీషు చెవికి అలవాటు కావాలనుకునేవారికి ఇదొక లాభం. రెండుమూడు సార్లు వింటే మాటలు విడివిడిగా తెలుస్తాయి.

మొదట గ్లాస్గోవారిదే అయిన కెమెరా అబ్‌స్క్యూరా పెట్టండి. వాళ్ల 2006 ఆల్బం నిండా ఊరు విడిచిపోవాలన్న తపనే. తరువాత ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి లక్‌స్మిత్స్. ఈ బృందం 2009లో విడిపోయింది గాని పాటలు దొరుకుతున్నాయి. వీళ్ల గాయకుడే నిలబడి డ్రమ్స్ వాయించేవాడు. కెనడా బృందం ఆల్వేస్‌ను వెతికేటప్పుడు స్పెల్లింగ్ చూసుకోండి. డబ్ల్యూ బదులు రెండు ‘వి’లు ఉంటాయి, అదే పేరుతో ఇంకో బృందం ఉండటం వల్ల అలా మార్చుకున్నారు.

మన దేశంలో కొచ్చివారి వెన్ చాయ్ మెట్ టోస్ట్ 2016లో మొదలైంది. ఉల్లాసంగా ఉంటుంది, బాంజో మోత బాగుంటుంది. కోల్‌కతా జంట పారేఖ్ అండ్ సింగ్ పాటలు మరీ సుతిమెత్తన, నిద్రపట్టేముందు వినేవి. తెలుగులో అచ్చంగా ఇండీ పాప్ అనదగ్గ బృందాలు తక్కువ. అయితే హైదరాబాద్‌లో రామ్ మిరియాల, మిత్రులు కట్టుకున్న చౌరస్తా బృందం సినిమా అండ లేకుండానే జనంలోకి వెళ్లింది. రామ్ మిరియాల ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడింది ఆ తరువాతే, 2021లో. చౌరస్తావారి బాణీల్లో జమైకా రెగ్గే, మన జానపదం కలిసి ఉంటాయి. వాళ్ల ‘ఊరెళ్లిపోతా మామ’ పాటను మాత్రం డాబా ఎక్కేదాకా ఆపకండి. హాస్టల్ గేటు దాటి బస్సు ఎక్కగానే పెట్టుకోండి.