అడిలైడ్ హైస్కూలు: ఒక ప్రభుత్వ బడిలో ఏడు భాషలు

తెలుగు రాష్ట్రాలకు వెలుపల బడులు తెరిచే వేళ తెలుగు పిల్లల తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ ఏడు తెలుగు తరగతి ఉంటుందా? జవాబు సాధారణంగా పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. దీనికి మన దేశంలో ఒక పాత సూత్రం ఉంది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని అల్పసంఖ్యాక భాషకు చెందిన పిల్లలుంటే ఆ భాషకు ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లో విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని చెప్పే 350-ఎ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది. ఈ రక్షణలు విలువైనవే. అయితే సంఖ్య తగ్గిన చోట తరగతి నిలవడం కష్టమవుతుంది. భాషాబోధనను మరొక పునాది మీద నిలిపిన బడి ఒకటి ఆస్ట్రేలియాలో ఉంది. దాని తీరును పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. మన ఊళ్లలో 'పబ్లిక్ స్కూలు' అంటే ఎక్కువ ఫీజు తీసుకునే ప్రైవేటు బడి అనే అర్థం స్థిరపడింది. ఆస్ట్రేలియాలో ఆ మాటకు ప్రభుత్వ బడి అనే అర్థం. అడిలైడ్ హైస్కూలు అటువంటి ప్రభుత్వ బడి. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర రాజధాని అడిలైడ్ నడిబొడ్డున 1908లో మొదలైంది. ఆ రాష్ట్రంలో మొట్టమొదటి ప్రభుత్వోన్నత పాఠశాల ఇదే. అంతకుముందు బాలికల కోసం 1879లో నెలకొన్న ఉన్నత పాఠశాల ఇందులో కలిసింది. తొలి భవనాలు గ్రోట్ వీధిలో ఉండేవి. నగరపు పడమటి అంచున, వెస్ట్ టెర్రస్ మీద ఇప్పుడున్న భవనానికి 1940లో రూపకల్పన జరిగింది. రెండవ ప్రపంచయుద్ధం అడ్డురాగా, 1951లో గాని బడి అక్కడికి చేరలేదు. అప్పుడు బాలుర బడి, బాలికల బడి వేరయ్యాయి. 1970ల చివర మళ్లీ ఒక్కటయ్యాయి.

ఈ బడిలో ప్రవేశానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది నివాసం. బడికి కేటాయించిన పరిధిలో కాపురమున్నవారి పిల్లలకు చేరే హక్కు ఉంటుంది. బోధనకు ఫీజు లేదు. పుస్తకాలు, సామగ్రి కింద కొంత మొత్తం కట్టాలి. రెండవది ప్రత్యేక కోర్సులు. పరిధికి వెలుపల ఉన్న పిల్లలు వీటి ద్వారా పోటీపడి చేరవచ్చు. వీటిలో భాషల కోర్సు ప్రసిద్ధమైంది. క్రికెట్టు, పడవ పందాలకు కూడా ఇలాంటి కోర్సులున్నాయి. నగరంలోని టారెన్స్ నది పడవల సాధనకు వీలు కల్పిస్తుంది.

భాషల విషయానికి వద్దాం. చైనీస్, ఫ్రెంచి, జర్మన్, ఆధునిక గ్రీకు, ఇటాలియన్, జపనీస్, స్పానిష్ అనే ఏడు భాషల బోధనకు ఈ బడి పేరు పొందింది. ఈ జాబితాను కొంచెం నిదానంగా చూడాలి. ఫ్రెంచి, జర్మన్ పాతకాలపు పాశ్చాత్య విద్యలో గౌరవం పొందిన భాషలు. ఇటాలియన్, గ్రీకు భాషలు మాట్లాడేవారు రెండవ ప్రపంచయుద్ధం తరువాత పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియాకు వలస వచ్చారు. కర్మాగారాల్లో, పండ్లతోటల్లో, చిన్న దుకాణాల్లో పనిచేసినవారి ఇంటి భాషలు అవి. ఇక్కడ అవి ఫ్రెంచి సరసన అదే హోదాతో పాఠ్యాంశాలయ్యాయి. గ్రీకు తరగతిలో కూర్చోవడానికి గ్రీకు ఇంట పుట్టి ఉండనక్కరలేదు.

ఈ భాషలకు బలమిచ్చే అంశం పరీక్ష. దక్షిణ ఆస్ట్రేలియాలో పాఠశాల చదువు చివర ఇచ్చే యోగ్యతాపత్రంలో భాష కూడా ఒక సబ్జెక్టు. ఆ మార్కులు విశ్వవిద్యాలయ ప్రవేశానికి పనికివస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక స్థాయి, ముందునుంచీ చదువుతున్నవారికి ఒక స్థాయి, ఇంట్లో ఆ భాష వాడేవారికి కొన్ని భాషల్లో మరొక స్థాయి ఉంటూ వచ్చాయి. ఇంట్లో మాట్లాడే పిల్లవాణ్ణీ, అక్షరాలు కొత్తగా దిద్దే పిల్లవాణ్ణీ ఒకే ప్రశ్నపత్రంతో కొలవకూడదన్నది ఇందులోని ఆలోచన.

తమ బడిలో కావలసిన భాష లేని విద్యార్థుల కోసం అడిలైడ్‌లోనే స్కూల్ ఆఫ్ లాంగ్వేజెస్ అనే మరో ప్రభుత్వ బడి ఉంది. మామూలు తరగతులు ముగిశాక పలుచోట్ల పాఠాలు చెబుతుంది. వేర్వేరు బడుల నుంచి కొద్దికొద్దిగా వచ్చే పిల్లలు అక్కడ ఒక తరగతి అవుతారు.

ఈ ఏర్పాటులో చిక్కులు లేవని అనలేం. పేరున్న బడికి గిరాకీ ఎక్కువ. అందరికీ చోటు చాలక 2019లో నగరంలో అడిలైడ్ బొటానిక్ హైస్కూలు తెరిచి, పరిధిని రెండు బడులకూ ఉమ్మడి చేశారు. 2022లో రాష్ట్రమంతటా ఏడవ తరగతి ప్రాథమిక బడుల నుంచి ఉన్నత పాఠశాలలకు మారడంతో మరో తరగతి పిల్లలు తోడయ్యారు. పరిధిలో ఇల్లు అద్దెకు తీసుకోగల కుటుంబానికి దొరికే అవకాశం అందరికీ దొరకదు.

ఆ దేశపు వనరులు వేరు, మన పరిస్థితులు వేరు. అయినా బరంపురంలోనో హోసూరులోనో తెలుగు తరగతి కోసం అర్జీ రాసేవారికి ఇక్కడి నుంచి మూడు అంశాలు పనికివస్తాయి. ఒకటి, భాషకు పరీక్షలో స్థానం ఉండాలి. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేశాక, తెలుగు వంటి అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు న్యాయస్థానం తలుపు తట్టింది పదవ తరగతి పరీక్ష విషయంలోనే. రెండు, ఏ ఒక్క బడిలోనూ సంఖ్య చాలనప్పుడు నాలుగు బడుల పిల్లలకు కలిపి ఒక తరగతి అడగవచ్చు. మూడు, ఆ తరగతిని కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ఇళ్ల పిల్లలకూ తెరిచి ఉంచమని కోరవచ్చు. తెలుగు నేర్చుకోదలచిన పొరుగింటి పిల్లవాడు ఒకడు చేరినా, హాజరుపట్టీలో ఒక పేరు పెరుగుతుంది.