పక్కింటి పొగకు అర్జీ



మీ వీధిలో అద్దె ఇళ్లు ఉన్నాయి కదా. మీలో చాలామంది అద్దె ఇంట్లోనే ఉంటారు. నేనూ అద్దె ఇంట్లోనే ఉంటాను. అద్దెకుండటం తప్పేం కాదు. కానీ ఒక్కోసారి ఒక్క అద్దె ఇల్లు వీధి మొత్తానికి నిద్ర లేకుండా చేస్తుంది. అప్పుడేం చేయాలి? ఎవరి దగ్గరికి పోవాలి? మా వీధిలో జరిగింది చెప్తాను.

మా వీధి చివర ఒక ఇల్లుంది. రెండు గదులు, వెనక పెద్ద దొడ్డి. ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు. 2024 దసరా తర్వాత ఆ ఇంట్లోకి పాత సామాన్లు కొనే కుటుంబం దిగింది. పగలంతా సీసాలు, ఇనుము, అట్టపెట్టెలు కొంటారు. అందులో తప్పేముంది? రాత్రి పది దాటాక మాత్రం దొడ్లో కరెంటు వైర్లు కుప్పపోసి తగలబెట్టేవారు. పైనున్న ప్లాస్టిక్ కాలిపోతే లోపలి రాగి తీగ మిగులుతుంది. రాగికి మంచి ధర ఉంది.

ఆ పొగ వంటచెరకు పొగలాంటిది కాదు. వైర్ల ప్లాస్టిక్ కాలితే ఘాటైన ఆవిరి వస్తుంది. కళ్లు మండుతాయి. గొంతు పట్టేస్తుంది. డయాక్సిన్లు అనే విషాలు కూడా పుడతాయి. అవి నేల మీద, గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన బర్రె పాలల్లోకీ వస్తాయి. మా క్లాసులో ఆయాసం ఉన్న ఒక పెద్దమ్మ ఉంది. కార్తీకమాసం చలికి పొగ పైకి పోక నేలబారున పరుచుకునేది. రాత్రంతా ఆమె గోడకు ఆనుకుని కూర్చునేది.

మొదట మేం ఏం చేశామో తెలుసా? అందరం చేసేదే. పోట్లాడాం. ఒక రాత్రి పదిమంది ఆడవాళ్లు ఆ ఇంటి ముందుకు పోయారు. మాటా మాటా పెరిగింది. ఎవరో ఆ కుటుంబం కులం ఎత్తారు. ఇంకొకరు "ఎక్కడినుంచో వచ్చారు, ఊరు వదిలి పొండి" అన్నారు. ఆ ఇంటి ఇల్లాలు ఏడుస్తూ తలుపు వేసుకుంది. ఆమె కూడా మా క్లాసుకే వచ్చేది. అప్పటికి గుణింతాలు నడుస్తున్నాయి. మర్నాటి నుంచి రావడం మానేసింది. వైర్లు మాత్రం కాలుతూనే ఉన్నాయి.

ఓనరుకు ఫోన్ చేశాం. "నాకు అద్దె అందుతోంది, మిగతాది వాళ్లనే అడగండి" అన్నాడు.

ఆ తర్వాతే కూర్చుని ఆలోచించాం.

ఒక సంగతి ముందే చెప్పాలి. అద్దెకున్నవాళ్లను మునిసిపాలిటీ గానీ వీధివాళ్లు గానీ వెళ్లగొట్టలేరు. ఓనరు కూడా సామాను బయట పారేయకూడదు. ఖాళీ చేయించాలంటే పద్ధతి ప్రకారం పోవాలి. 1960లో వచ్చిన అద్దె ఇళ్ల చట్టంలో అందుకు తగిన కారణాలు రాశారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఇబ్బంది కలిగించడం వాటిలో ఒకటి. కానీ ఆ కేసు వేయాల్సింది ఓనరే. మనం కాదు.

మరి మనమేం చేయగలం? జరుగుతున్న పనిని ఆపమని అడగొచ్చు. మనిషిని కాదు, పనిని. అద్దెకున్నది ఏ కులమో, ఏ మతమో, పెళ్లికాని కుర్రాళ్లో, ఒంటరి ఆడదో మునిసిపాలిటీకి అనవసరం. వాళ్లు ఏం వండుకుంటారో కూడా అనవసరం. అట్లాంటివి అర్జీలో రాస్తే అర్జీకే పరువు పోతుంది. రాయాల్సింది ఒక్కటే. ఏ పని, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరికి ఏం ఇబ్బంది.

మేం ఒక నోటుబుక్కు పెట్టాం. పొగ వచ్చిన ప్రతి రాత్రీ తేదీ, టైము రాశాం. క్లాసులో వంతులేసుకుని రాశారు. అంకెలు రాయడానికి అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు! పద్దెనిమిది రోజుల్లో పదకొండు రాత్రులు లెక్కకొచ్చాయి. తర్వాత అర్జీ రాశాం. ఇదిగో, ఇట్లా:

"మునిసిపల్ కమిషనర్ గారికి. మా వీధి చివర ఫలానా నంబరు ఇంట్లో రాత్రి పది తర్వాత వైర్లు తగలబెడుతున్నారు. ఆ రోజులు, సమయాలు కింద రాశాం. పొగవల్ల పిల్లలకు దగ్గు, పెద్దవాళ్లకు ఆయాసం వస్తున్నాయి. ఆ ఇల్లు కాపురానికా, వ్యాపారానికా చూడండి. లైసెన్సు ఉందో లేదో చూడండి. వైర్లు తగలబెట్టడం ఆపించండి. ఇట్లు, వీధివాళ్లం."

కింద ఇరవైమూడు మంది సంతకాలు చేశారు. వేలిముద్ర ఒక్కటీ లేదు. రెండు కాపీలు తీసుకుపోయాం. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం. ఈ ముద్ర మర్చిపోకండి. అది లేకపోతే "మీ అర్జీ మాకు రానేలేదు" అంటారు.

"లైసెన్సు, ఇంటి వాడకం ఎందుకు అడిగారు?" అని మీరనొచ్చు. అక్కడే కీలకం ఉంది. మునిసిపాలిటీలో వ్యాపారం పెట్టాలంటే ట్రేడ్ లైసెన్సు కావాలి. పల్లెలో అయితే ప్రమాదకరమైన పనులకు గ్రామ పంచాయతీ లైసెన్సు ఇస్తుంది. అక్కడ అర్జీ పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి. ఇక ఇంటి పన్ను సంగతి. కాపురానికి ఒక లెక్క, వ్యాపారానికి ఇంకో లెక్క. మా వీధి ఓనరు పన్నేమో కాపురం ఇల్లని కడుతున్నాడు. అద్దేమో గోదామని తీసుకుంటున్నాడు. మునిసిపాలిటీ ఇద్దరికీ నోటీసు ఇచ్చింది. అద్దెకున్నవాళ్లకు ఒకటి, ఓనరుకు ఒకటి. నోటీసు అందిన మూడో రోజే ఓనరు బస్సు దిగాడు. ఫోనులో పలకని మనిషి!

చెత్తను వీధుల్లో, బహిరంగ స్థలాల్లో తగలబెట్టకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లోనే నిబంధన పెట్టింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ మాటే చెప్పి పోయాడు. వారం రోజులు పొగ లేదు. తర్వాత అర్ధరాత్రి మొదలైంది. మళ్లీ ఆఫీసుకు పోతే "మాకు మనుషులు చాలరమ్మా, రాత్రిపూట కాపలా కాయలేం కదా" అన్నారు.

ఆ మాట విని చాలామంది ఇంటికి తిరిగొచ్చేస్తారు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్నంవాళ్లు అట్లా రాలేదు. వాళ్ల వార్డులో మురుగు నిలిచి కంపుకొట్టేది. పైగా ఒక సారా ఫ్యాక్టరీ నీళ్లు వీధిలోకి వచ్చేవి. 1972లో వాళ్లు మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టారు. బాగుచేయమని మేజిస్ట్రేటు మునిసిపాలిటీకి ఉత్తర్వు ఇచ్చాడు. "మా దగ్గర డబ్బు లేదు" అని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. డబ్బు లేదనే సాకుతో మునిసిపాలిటీ తన పని తప్పించుకోలేదు అన్నారు. ఎనిమిదేళ్లు పట్టింది. కానీ ఆ తీర్పు ఈ రోజుకీ మన చేతిలో ఉంది.

వాళ్లు పోయిన దారి ఇప్పటికీ తెరిచే ఉంది. అప్పట్లో అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. పేరు నోరు తిరగదు గానీ పని తేలికే. పదిమంది ఆరోగ్యానికి చెరుపు చేసే పని జరుగుతుంటే కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ చెప్పొచ్చు. వాళ్లకు మేజిస్ట్రేటు అధికారం కూడా ఉంది. "ఈ పని ఆపు, లేదా ఫలానా రోజు వచ్చి ఎందుకు ఆపవో చెప్పు" అని వాళ్లు ఉత్తర్వు ఇస్తారు. వకీలు లేకుండా అర్జీ ఇవ్వొచ్చు. ఉత్తర్వు ఖాయమయ్యాక మాట వినకపోతే జైలు కూడా ఉండొచ్చు. ఉత్తర్వు లేకుండా, పదిమందికి చెరుపు చేసిన నేరానికి ఉత్త జరిమానా అయితే వెయ్యి రూపాయల లోపే. అంతకుముందు రెండువందలే ఉండేది. రాగి అమ్మేవాళ్లకు వెయ్యి రూపాయలు ఒక లెక్కా? అందుకే ఉత్తర్వు అడగాలి.

మేం సోమవారం ప్రజావాణికి పోయి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాం. నోటుబుక్కు, ముద్ర ఉన్న పాత అర్జీ జతచేశాం. అది ఆర్డీవో దగ్గరికి వచ్చింది. సంక్రాంతి తర్వాత ఇద్దర్నీ పిలిచారు. అద్దెకున్నాయన తన మాట చెప్పుకున్నాడు. "వైరు ఒలవాలంటే రోజంతా పడుతుంది సార్. తగలబెడితే గంటలో అయిపోతుంది. ఇంటి అద్దె, పిల్లల బడి ఖర్చు ఎక్కణ్ణుంచి తేవాలి?" అన్నాడు. నాకు ఆయన మీద కోపం సగం పోయింది. మాతో వచ్చిన పెద్దమ్మకు మాత్రం పోలేదు. ఆమె ఊపిరి ఆమెది కదా.

తగలబెట్టడం ఆపాలని, గోదాము రెండు నెలల్లో ఊరి బయటికి మార్చాలని తేలింది. కాపురం మాత్రం అదే ఇంట్లో ఉండొచ్చు. ఓనరు అద్దె తగ్గించాల్సి వచ్చింది. ఉగాదికి ముందే సామాన్లు తరలిపోయాయి.

ఇంకో చిన్న సంగతి. మైకులు, డీజేల గోల అయితే ఇంత దూరం పోనక్కర్లేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. 112కు ఫోన్ చేస్తే చాలు.

పొగ ఆగిన నెలకు ఆ ఇల్లాలు క్లాసుకు తిరిగొచ్చింది. ముందు నేనే వాళ్లింటికి పోయి పిలిచాను. కులం ఎత్తిన అక్క కూడా నాతో వచ్చింది. ఆ అక్క గుమ్మం దగ్గరే నిలబడి "ఆ రాత్రి తప్పుగా అన్నాను చెల్లీ" అంది. ఆ ఇల్లాలు ఏమీ అనలేదు. లోపలికిపోయి ట్రంకుపెట్టెలోంచి ఒక కాయితం తెచ్చి నా చేతిలో పెట్టింది. మునిసిపాలిటీ మొదట ఇచ్చిన నోటీసు అది. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వొచ్చని, లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని అందులో ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. భయపడి ఎవరికీ చూపించలేదట.

"ఇందులో ఏముందో ఇప్పుడు చెప్పు టీచరమ్మా" అంది. నేను చదవలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. ఆమే వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, మొదటి మాట చదివింది. "నో... టీ... సు."