ఫోనులో దాచిన కాగితము ఎక్కడికి పోయినది?

సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు ఈ మధ్య మమ్ములను ఎక్కువగా అడుగుచున్నది నూలు ధరను గురించి కాదు, కూలి బట్వాడాను గురించియు కాదు. "సేవ్ చేస్తి అన్నా, యాడికి పోయిందో కనపళ్ళేదు" అని ఫోను మా చేతిలో పెట్టుచున్నారు. పోయినది ఒకరికి జి.యస్.టి. బిల్లు, ఇంకొకరికి బ్యాంకు స్టేటుమెంటు, వేరొకరికి నగరి వర్తకుడు పంపిన అంచు డిజైను. ఈ విషయమును ఒకసారి విపులముగా వ్రాయుట మంచిదని తోచినది.

తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయారుకుప్పము వైపు నేతవారి ఇండ్లలో సెల్ ఫోను ఇప్పుడు నాడా వలె ఒక పనిముట్టు. ఆర్డరు అందులోనే వచ్చును, కూలి అందులోనే పడును, పిల్లవాని కాలేజీ ఫీజు రసీదు అందులోనే ఉండును. పూర్వము ఇవి అన్నియు భోషాణములోనో, అటకమీది రేకు పెట్టెలోనో ఉండెడివి. పెట్టె ఎక్కడున్నదో ఇంటిలో అందరికిని తెలియును. ఫోనులోని పెట్టె మాత్రము ఒకటి కాదు, పలు పెట్టెలు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

2019వ సంవత్సరమునకు ముందు ఆండ్రాయిడ్ ఫోనులోని స్టోరేజి మన నేతవీధి వంటిది. తెల్లవారుజామున వీధిలో పడుగు సాచి గంజి పెట్టునపుడు ఎవరి పడుగు ఏ రంగో, ఎన్ని గజములో దారిన పోవువాడందరును చూడవచ్చును గదా! అట్లే 'స్టోరేజి పర్మిషన్' ఒక్కసారి ఇచ్చినచో ఆ ఆప్ మన ఫోటోలను, బిల్లులను, ఇతర ఆప్‌లు దాచిన ఫైళ్ళను గూడ తిరగవేసి చూడగలిగెడిది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6కు ముందు పర్మిషన్లన్నియు ఆప్ ఎక్కించునప్పుడే మొత్తముగా ఒప్పుకొనవలసి వచ్చెడిది. ఒప్పుకొననిచో ఆప్ లేదు.

దీనివలన ఎవరికేమి నష్టము అని అడుగువారు అప్పుల ఆప్‌ల సంగతి జ్ఞాపకము చేసికొనవలెను. అయిదువేలకో పదివేలకో చేయి చాచిన వానినుండి ఆ ఆప్‌లు ముందుగా ఫోను నంబర్ల పట్టీని, ఫోటోలను లాగుకొనెడివి. వాయిదా తప్పిన మరునాడు ఆ ఫోటోలను వికారముగా మార్చి బంధువులకును, వియ్యపువారికిని పంపెడివి. ఆ అవమానమునకు ఓర్వలేక కొందరు ప్రాణములు తీసికొనగా, 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేసిరి. తరువాత రిజర్వుబ్యాంకు 2022 సెప్టెంబరు 2వ తేదీన ఇచ్చిన ఉత్తరువులలో, అప్పిచ్చు ఆప్‌లు ఫోనులోని ఫైళ్ళను, ఫోటోలను, నంబర్ల పట్టీని ముట్టరాదని నిషేధించినది. గూగుల్ వారు కూడ 2023 మే 31 నుండి తమ ప్లే స్టోరులోని అప్పుల ఆప్‌లకు ఇట్టి నిబంధననే పెట్టిరి. మగ్గము ఆగిన నెలలలో అప్పునకు పోవలసివచ్చు మనబోటివారికి ఇది పరుల కథ కాదు.

అసలు స్వవిషయ గోప్యత పౌరుని ప్రాథమిక హక్కే అని సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగష్టు 24న తీర్పు చెప్పియున్నది. ఫోనుల నిర్మాణములోను మార్పు వచ్చినది. 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలై, 2020లో ఆండ్రాయిడ్ 11తో గట్టిపడిన క్రొత్త పద్ధతి ప్రకారము ప్రతి ఆప్‌నకు తాళము గల ఒక సొంత గది ఏర్పడినది. ఒకరి గదిలోనికి మరొకరు తొంగి చూడరాదు. ఇవి గాక డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అను ఉమ్మడి చావళ్ళు కొన్ని ఉన్నవి. చావడిలో ఏ ఆప్ అయినను తన సరుకు దింపవచ్చును. దానికి పర్మిషన్ అక్కరలేదు. పక్కవాని మూట విప్పి చూచుటకు మాత్రము వీలులేదు.

మనకు నష్టము తెచ్చునది ఆ సొంత గదియే. గది ఆప్‌నకు అద్దె ఇల్లు వంటిది. ఆప్‌ను తీసివేసినచో, అనగా అన్‌ఇన్‌స్టాల్ చేసినచో, గదిలోని సామానంతయు ఆప్‌తోనే పోవును. మా సభ్యుడొకరు రెండేండ్ల కూలి లెక్కలును, అచ్చు వేయించవలసిన బిల్లులును ఒక లెక్కల ఆప్‌లో వ్రాసికొనెను. బిల్లు వ్రాసినపుడెల్లను 'సేవ్' అని నొక్కెను, 'జయప్రదముగా సేవ్ అయినది' అని తెరమీద వచ్చెను. దసరా ముందు ఫోనులో చోటు చాలక కుమారుడు ఆ ఆప్‌ను తీసివేసి, పండుగ కాగానే మరల ఎక్కించెను. తెరచి చూడగా ఖాళీ. షావుకారుతో బాకీ తేల్చుకొనవలసిన వేళ ఆయన చేతిలో మిగిలినది బీముల లెక్క వ్రాసిన క్యాలెండరు మాత్రమే. ఎక్కడ సేవ్ అయినదో చెప్పకుండ 'జయప్రదము' అని మాత్రము చెప్పు ఆప్‌లను తయారుచేయువారిని ఏమనవలెనో మాకు తెలియుటలేదు. చట్టము కట్టిన తలుపును మేము తప్పుపట్టము. తలుపు వెనుక మన సొత్తు ఉన్నదని చెప్పనివానిది తప్పు.

అందుచేత 'సేవ్' నొక్కిన తరువాత తెరమీద ఏమి వచ్చునో చూడవలెను. ఎక్కడ ఉంచవలెనని అడుగుచు ఫోల్డర్ల పట్టీ తెరచుకొన్నచో మంచి ఆప్ అని నమ్మవచ్చును. అందులో డౌన్‌లోడ్స్ గాని డాక్యుమెంట్స్ గాని ఎన్నుకొనవలెను. ఏమియు అడుగకయే 'సేవ్ అయినది' అన్నచో అనుమానింపవలెను. అట్టి ఆప్‌లో 'ఎక్స్‌పోర్ట్' అనియో, 'డౌన్‌లోడ్' అనియో, 'షేర్' అనియో మరియొక మీట ఉండును. దానిని నొక్కి కాగితమును గదినుండి చావడికి తెచ్చుకొనవలెను. వచ్చినదా లేదా అని ఫోనులోని 'ఫైల్స్' తెరచి కంటితో చూచుకొనువరకు పని పూర్తి అయినట్లు కాదు.

ఇంకొక చిక్కు. కొన్ని ఆప్‌లు ఒక ఫోల్డరును మొత్తముగా తమకు అప్పగించుమని అడుగును. మనవారు స్టోరేజి మొత్తమునో, డౌన్‌లోడ్స్ మొత్తమునో చూపుదురు. ఆండ్రాయిడ్ 11 మొదలు ఈ రెండును ఇచ్చుటకు ఫోను ఒప్పుకొనదు. "ఫోను చెడిపోయినది" అని బజారుకు పరుగెత్తి మెకానిక్కునకు రెండు వందలు ఇచ్చినవారు మాకు తెలియును. చేయవలసినది ఇంతే: డాక్యుమెంట్స్‌లో 'నేత లెక్కలు' అనియో మరేదో పేరుతో క్రొత్త ఫోల్డరు చేసి, దానిని మాత్రమే చూపి, 'యూజ్ దిస్ ఫోల్డర్' అని నొక్కి, పిమ్మట 'అలౌ' అనవలెను.

ఫైలు చావడిలో భద్రముగా ఉండియు ఆప్‌నకు కనబడకపోవుట మరియొక వింత. ఆప్‌ను తీసి మరల ఎక్కించినపుడు, మునుపటి ఫైలు తనదేనని అది రుజువు చేసికొనలేదు. ఫోను దృష్టిలో అది క్రొత్తగా వచ్చిన మనిషి. అప్పుడు కంగారుపడవలదు. ఆప్‌లో 'ఓపెన్' అనియో 'ఇంపోర్ట్' అనియో ఉన్నదానిని నొక్కి, ఫైలును మనమే చేతితో చూపినచో తెరచుకొనును. అట్లే స్టోరేజి పట్టీలో 'క్లియర్ క్యాష్' అన్నది చెత్త ఊడ్చుట. 'క్లియర్ డేటా' అన్నది ఇల్లు ఖాళీ చేయుట. ఈ రెంటికి గల భేదము పిల్లలకు ముందే చెప్పి ఉంచవలెను. వారికి తమిళము, ఇంగ్లీషు బాగుగా వచ్చును గనుక ఫోను భాష ఏదైనను వారే మనకు చదివి చెప్పగలరు.

ఆధారు విషయములో మన అలవాటు ఒకటి మార్చుకొనక తప్పదు. కార్డును ఫోటో తీసి గ్యాలరీలో ఉంచుట అందరికిని సులభముగా తోచును. కాని ఫోటోలు చూచుటకు పర్మిషన్ పొందిన ప్రతి ఆప్‌ను, అది ఆటల ఆప్ అయినను, ఆ ఫోటోను చూడగలదు. డౌన్‌లోడ్స్‌లోని పి.డి.యఫ్. ఫైలును ఇట్లు చూడలేదు. కావున ఆధారును పి.డి.యఫ్.గానే దించుకొనవలెను, అది పాస్‌వర్డుతోనే తెరచుకొనును. లాడ్జీవంటి చోట ఇయ్యవలసివచ్చినచో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు 'మాస్క్‌డ్ ఆధార్' ఇయ్యవచ్చును. ఆండ్రాయిడ్ 14 (2023) గల ఫోనులలో, ఆప్ ఫోటోలను అడిగినపుడు అన్నియు ఇయ్యకుండ కావలసిన ఒకటి రెండు మాత్రమే ఎన్నుకొని ఇచ్చు సదుపాయము వచ్చినది. చీర ఫోటో పంపుటకు ఇంటి ఆడపిల్లల ఫోటోలన్నియు తెరచి చూపనక్కరలేదు గదా.

ఈ కట్టుబాట్లను దాటు దొడ్డిదారి కూడ ఒకటి ఉన్నది. దాని పేరు 'ఆల్ ఫైల్స్ యాక్సెస్'. ఫైళ్ళు సర్దు ఆప్‌నకు, వైరస్ వెదకు ఆప్‌నకు అది అవసరము కావచ్చును. టార్చిలైటు ఆప్‌నకు, అప్పుల ఆప్‌నకు, 'ఫోను శుభ్రము చేసెదను' అను ఊరు పేరు లేని ఆప్‌నకు దానితో పనిలేదు. సెట్టింగ్స్‌లో ఆప్‌ల పట్టీ క్రింద 'స్పెషల్ యాక్సెస్' అను చోట ఎవరెవరికి ఈ తాళపుచెవి ఇచ్చితిమో చూచి, అక్కరలేనిచో వెనుకకు తీసికొనవచ్చును.

వాట్సాప్‌లో వచ్చు డిజైన్లను గురించి రెండు మాటలు. ఆండ్రాయిడ్ 11 తరువాత వాట్సాప్ ఫోల్డరు 'ఆండ్రాయిడ్' అను ఫోల్డరులోని 'మీడియా'లోనికి మారినది. పాతచోట వెదకి లాభము లేదు. ముఖ్యమైన డిజైనును అక్కడనే వదలక మన ఫోల్డరునకు కాపీ చేసికొనవలెను. జక్కార్డు అట్టలు కొట్టించుటకు గ్రాఫు పంపునపుడు ఫోటోగా గాక 'డాక్యుమెంట్'గా పంపవలెను. ఫోటోగా పంపినచో బొమ్మను కుదించును, గళ్ళు అలికినట్లగును, పోగు లెక్క తప్పును. ఐఫోను గలవారు మనలో తక్కువ; వారికిని ఆప్ తీసివేసినచో దాని గదిలోని ఫైళ్ళు పోవుననుట ఒకటే.

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. మన ఇండ్లలో నేటికిని తాతలనాటి తెలుగు దస్తావేజులు గుడ్డలో చుట్టి ఉన్నవి. రాష్ట్రము మారినను ఆ కాగితము మన చేతిలోనే ఉండుటచేత మిగిలినది. ఫోనులోని కాగితమునకు ఆ బలము లేదు. ఫోను బావిలో పడినను, 'ఫ్యాక్టరీ రీసెట్' చేసినను చావడితో సహా అన్నియు పోవును. నెలకొకసారి ఆ ఫోల్డరును పెన్ డ్రైవులోనికి ఎక్కించుకొనవలెను. ఫోనునకు తగిలించు ఓ.టి.జి. తీగ పెద్ద ఖర్చు కాదు. గూగుల్ డ్రైవులో 15 జి.బి. వరకు ఉచితము, అందులో మెయిలును, ఫోటోలును కలిసియే లెక్క. ప్రభుత్వము 2015లో ప్రారంభించిన డిజిలాకరులో ఆయా శాఖలు నేరుగా జారీచేసిన పత్రములు అసలు పత్రములతో సమానముగా చెల్లును. మనము ఫోటో తీసి ఎక్కించినవానికి ఆ విలువ లేదు. ఎప్పుడైనను బాకీ తగవు రాదగిన కూలి లెక్కలను మాత్రము కాగితముమీద అచ్చు తీయించి సంతకము చేయించుకొనుటయే మా సలహా.

ఫోనులో ఏదైనను కనబడనివారు ఆప్‌ను తీసివేయకుండ, 'క్లియర్ డేటా' నొక్కకుండ, ఉన్నది ఉన్నట్లుగా కార్యాలయమునకు తీసికొని రావలెను. సాధారణముగా మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటలవరకు చూడగలము. ఇంటిలో చదువుకొన్న పిల్లవాడు గాని పిల్ల గాని ఉన్నచో వెంట తీసికొని వచ్చినచో వారికిని నేర్పగలము. పాస్‌వర్డును, ఓ.టి.పి.ని సభ్యులు తామే నొక్కవలెను, మాకు చెప్పవలదు.