తీగలేని వల: పెట్టెల పొందిక

సున్నపు బట్టీలకు పేరొందిన పిడుగురాళ్ల మా యూరు. 2015లో స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ గాజుతీగలను విద్యుత్ స్తంభముల మీదుగనే యూళ్లకు సాగించినది. తీగ భవనమును చేరిన పిదప, అందలి వార్తను గాలిలో చేతిఫోనున కందించు పెట్టెయే వైఫై యాక్సెస్ పాయింటు.

ఆసుపత్రి, కళాశాల వంటి పెద్ద భవనములలో నిట్టి పెట్టెలు పెక్కులుండును. వాని నన్నిటిని ఒక్క నియంత్రకము పాలించును. ఏది యే చానెలున, ఎంత బలముతో పలుకవలెనో యదియే నిర్ణయించును. అన్నిటికి నొక్క పేరే యుండుటచే, మనము నడచుచున్నను ఫోను ఒకదాని విడిచి వేరొకదానిని పట్టుకొనును.

అలలు అందనప్పుడు బలము పెంచుడనుట వాడుక. రేడియో మనకు వినిపించునే గాని మన మాట వినదు. ఈ పెట్టె వినవలెను గూడ. పెట్టె గొంతు పెంచినను ఫోను గొంతు పెరుగదు గదా! గొంతు పెంచుటచే శిష్యుని మాట వినరాదని బడిపంతులనగు నే నెరుగుదును. మందపు రాతిగోడ యిరువురికిని అడ్డమే. కావున పెట్టెను బీరువా వెనుక దాచక, గదినడుమ ఎత్తున నిలుపవలెను.

లోపమును వరుసగా వెదకుడు. దీపము వెలుగుచున్నదా? రాగితీగ బిగువుగా నున్నదా, 100 మీటర్లు మించినదా? పొరుగు పెట్టెలు ఒకే చానెలున పలుకుచున్నవా? 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లు ఒండొంటితో కలియవు. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది. గోడలు దాటు శక్తి తక్కువ.

కార్యాలయమున వేలిముద్ర చెల్లలేదని వృద్ధురాలిని త్రిప్పి పంపుటకు ముందు, పెట్టె యెచ్చట నున్నదో చూడుడు. నేర మామె వ్రేలిది కాకపోవచ్చును.