తెల్లదొరలే వెళ్లగొట్టిన తెల్ల ఎడిటర్.. ముంబై హార్నిమన్ సర్కిల్ వెనక కథ ఇదీ!

ముంబై ఫోర్ట్ ఏరియాలో టౌన్‌హాల్ ఎదురుగా గుండ్రటి తోట, దాని చుట్టూ పాతకాలం రాతి భవనాలు కనిపిస్తాయి. అదే హార్నిమన్ సర్కిల్. ఒకప్పుడు దీని పేరు ఎల్ఫిన్‌స్టన్ సర్కిల్. అది బొంబాయి గవర్నర్ పేరు. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని తీసేశారు సరే.. కొత్తగా పెట్టింది కూడా ఓ ఇంగ్లిష్ వాడి పేరే! అసలు ఎవరీయన?

బెంజమిన్ గై హార్నిమన్. 1873లో ఇంగ్లండ్‌లో పుట్టారు. అక్కడి పేపర్లలో పనిచేసి, 1906లో కలకత్తా 'స్టేట్స్‌మన్'లో చేరారు. 1913లో ఫిరోజ్‌షా మెహతా పెట్టిన 'బాంబే క్రానికల్'కి ఎడిటర్ అయ్యారు. అక్కడి నుంచే సర్కారుకి తలనొప్పి మొదలైంది. హోమ్‌రూల్ ఉద్యమానికి, ఆ తర్వాత గాంధీ సత్యాగ్రహానికి ఆయన బాహాటంగానే మద్దతిచ్చారు.

1919 ఏప్రిల్ 13.. జలియన్‌వాలాబాగ్. పంజాబ్‌లో మార్షల్ లా, వార్తలపై సెన్సార్. అక్కడేం జరుగుతోందో బయటి జనానికి తెలియనివ్వలేదు. క్రానికల్ మాత్రం ఊరుకోలేదు. దాంతో అదే నెలలో హార్నిమన్‌ని ఓడెక్కించి ఇంగ్లండ్ పంపేశారు. కోర్టు లేదు, విచారణ లేదు. పేపర్ కూడా కొంతకాలం ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఎడిటర్ తెల్లవాడు కాబట్టి సొంత దేశానికి పంపారు. అదే పేపర్‌కి పంజాబ్ వార్తలు రాసిన గోవర్ధన్ దాస్‌కి మాత్రం మూడేళ్ల జైలు! ఆయన పేరు మీద సర్కిల్ ఏదీ లేదు.

పంపేస్తే నోరు మూస్తారనుకున్నారేమో.. సీన్ రివర్స్ అయింది. హార్నిమన్ అక్కడ కూర్చుని జలియన్‌వాలాబాగ్ దారుణాన్ని బ్రిటన్ జనానికే చెప్పడం మొదలుపెట్టారు. 1920లో 'అమృత్‌సర్ అండ్ అవర్ డ్యూటీ టు ఇండియా' పుస్తకం రాశారు. టైటిల్‌లోనే ఉంది చూడండి.. ఆయన నిలదీసింది తన వాళ్లనే.

తిరిగి వస్తానంటే ఏళ్ల తరబడి అనుమతి ఇవ్వలేదు. చివరికి చట్టంలోని ఓ లొసుగు పట్టుకుని, 1926 జనవరిలో దక్షిణ భారతం మీదుగా దేశంలో అడుగుపెట్టారు. మళ్లీ బొంబాయి, మళ్లీ పేపర్లే. 1933 నుంచి 'బాంబే సెంటినెల్' సాయంకాలం పత్రికని నడిపారు. 1941లో రూసీ కరంజియా 'బ్లిట్జ్' మొదలుపెట్టినప్పుడు, ఆ పెట్టినవాళ్లలో ఈ పెద్దాయనా ఉన్నారు. అప్పటికి వయసు 70కి దగ్గర!

1948 అక్టోబర్‌లో హార్నిమన్ కన్నుమూశారు. అప్పటికి తెల్లదొరలు దేశం విడిచి ఏడాది దాటింది. ఆయన మాత్రం ఇక్కడే ఉండిపోయారు.