నలభై ఐదు మిల్లీమీటర్ల మీటర్ గేజి

గుంటూరు మిర్చి యార్డులో సరుకు చూసే మనిషి ముందు ధర అడగడు. టిక్కీలోకి, అంటే బస్తాలోకి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. పైవరసలో మెరిసే కాయలు ఎవరైనా పేర్చగలరని అతనికి తెలుసు. కాయను చెవి దగ్గర ఆడించి గింజల గలగల వింటాడు. తేమ ఉందో లేదో ఆ చప్పుడే చెబుతుంది. తొడిమ విరుస్తాడు, కాయ చీల్చి లోపలి రంగు చూస్తాడు, తాలు ఎంత కలిసిందో కంటితోనే లెక్కేస్తాడు. పత్తి కొనేవాడి తీరూ అంతే. చిటికెడు దూది తీసుకుని రెండు బొటనవేళ్ల మధ్య లాగి, మళ్లీ లాగి పింజ పొడవు తేలుస్తాడు. మిర్చి అయితే తేజానా, 334 రకమా అన్నది ఆ తర్వాతి మాట.

రైలింజన్ల మోడళ్లు కొనడానికీ సరిగ్గా ఈ చెయ్యే కావాలి. బయట నుంచి చూస్తే రెండు ఇంజన్లూ ఒకేలా ఉంటాయి. ఒకటి ముప్పై ఏళ్లు నడుస్తుంది, ఇంకొకటి డబ్బాలో ఉన్నచోటే పొడి అయిపోతుంది. ఆ తేడా డబ్బా మీది బొమ్మలో దొరకదు.

మోడల్ ఇంజను అసలు ఇంజనుకు నకలని అందరం అనుకుంటాం. చరిత్ర మాత్రం తిరగేసి ఉంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల ఇంజనీరు రిచర్డ్ ట్రెవితిక్ 1797-98 ప్రాంతంలో బల్లమీద పట్టేంత ఆవిరి బండి నమూనాలు చేసి చూశాడు. అవి కదిలాకే పెద్ద బండి మీద నమ్మకం కుదిరింది. పట్టాల మీద సరుకు లాగిన అతని పెనిడారెన్ ఇంజను 1804 ఫిబ్రవరిలో వచ్చింది. అంటే లోకంలో రైలుబండి పుట్టకముందే దాని బుల్లి రూపం నేలమీద తిరిగింది.

తర్వాత అది పిల్లల చేతికి వెళ్లింది. స్పిరిటు దీపంతో మండుతూ, నేలమీద నీళ్లు కారుస్తూ పోయే ఇత్తడి ఇంజన్లు పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో విరివిగా అమ్ముడయ్యాయి. వాటికి పట్టాలు లేవు, కొలతలూ లేవు. 1891లో జర్మనీలోని మెర్క్‌లిన్ కంపెనీ లైప్‌జిగ్ సంతలో ఒక పద్ధతి ప్రకారం గేజి కొలతలు పెట్టి, పట్టాలూ బండ్లూ కలిపి అమ్మడం మొదలుపెట్టింది. పట్టాలు ఈ ఏడు కొనుక్కుని, పెట్టెలు వచ్చే ఏడు కొనుక్కోవచ్చు. ఆట సామాను ఒక వ్యవస్థ అయింది అక్కడే. 1935లో హెచ్-ఓ గేజి వచ్చింది. సున్నా నంబరు గేజిలో సగం కాబట్టి ఆ పేరు. అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 1972 నాటికి జడ్ గేజి 6.5 మిల్లీమీటర్లకు దిగింది. దాని ఇంజను చిటికెన వేలంత ఉంటుంది.

పల్నాడు, ప్రకాశం వాళ్లకు ఈ కొలతల్లో సొంత లెక్క ఒకటి ఉంది. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి గుంతకల్లు వెళ్లే దారి వందేళ్లకు పైగా మీటర్ గేజిగా నడిచింది. పట్టాల మధ్య సరిగ్గా వెయ్యి మిల్లీమీటర్లు. దొనకొండ పెరిగింది లోకోషెడ్డు చుట్టూ. ఆవిరి రోజుల్లో ప్రయాణికుల బండ్లకు వైపీ, గూడ్సులకు వైజీ. 1990ల్లో పట్టాలు బ్రాడ్ గేజి అయ్యాక మీటర్ గేజి బండ్లు కనుమరుగయ్యాయి.

ఆవిరి తర్వాత మన మీటర్ గేజి భారం మోసింది వైడీఎమ్-4 అనే డీజిల్ ఇంజను. అమెరికాలోని ఆల్కో కంపెనీ డీఎల్-535 నమూనా మీద 1960ల తొలి ఏళ్లలో వచ్చింది. 1968 నుంచి వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లోనే తయారైంది. ఆరు సిలిండర్లు, దాదాపు 1400 గుర్రాల బలం, ఆరు ఇరుసులు, 72 టన్నుల బరువు. పొడవాటి ముక్కు, ఓ చివర డ్రైవరు గది. ఆ నమూనాకు అలాస్కాలో ఒక తోబుట్టువు ఉంది. స్కాగ్వే రేవు నుంచి మంచుకొండలెక్కే వైట్‌పాస్ అండ్ యూకాన్ రైల్వే కొన్న ఆల్కో ఇంజను కూడా డీఎల్-535 జాతిదే. ముఖం కాస్త వేరు, ఒళ్లు అదే.

ఆ అలాస్కా ఇంజనుకు జర్మనీలో మోడల్ తయారైంది. చేసినవాళ్లు ఎల్‌జీబీ. 1881లో పుట్టిన లేమాన్ బొమ్మల కంపెనీ 1968లో మొదలుపెట్టిన పెద్ద సైజు రైళ్ల శాఖ అది. పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు, స్కేలు 22.5కి ఒకటి. ఇప్పుడు చిన్న లెక్క. 45ని 22.5తో హెచ్చిస్తే 1012.5 వస్తుంది. అది మీటర్ గేజి! వైట్‌పాస్ అసలు పట్టాల వెడల్పు మూడడుగులు, అంటే 914 మిల్లీమీటర్లే. కాబట్టి అలాస్కా పేరు, అలాస్కా రంగు వేసుకుని జర్మనీలో పుట్టిన ఆ మోడల్, పట్టాల వెడల్పు విషయంలో మాత్రం స్కాగ్వే కంటే దొనకొండకే దగ్గర. మన బండి కోసం వెతికే మోడల్ అభిమానికి ఇంతకంటే ఆనందం కలిగించే లెక్క ఉండదు.

గేజి లెక్క ఇక్కడ అంత బాగా కుదిరింది గానీ మన బ్రాడ్ గేజి విషయంలో కుదరదు. హెచ్-ఓ లెక్కన 1676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19.3 రావాలి. బజారులో దొరికే పట్టాలు 16.5. భారతీయ బ్రాడ్ గేజి ఇంజను మోడల్‌ని ఎదురుగా పెట్టి చూస్తే కాళ్లు దగ్గరికి జరుపుకుని నిలబడ్డట్టు కనిపించడానికి కారణం అదే. మోడల్‌ని పక్కనుంచి తీసిన ఫొటో చూసి కొనకూడదు. ఎదురుగా చూడాలి.

తర్వాత బరువు. పొడవు 87వ వంతు అయితే బరువు కూడా 87వ వంతు అవుతుందనుకోవడం సహజం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనుక 87తో మూడుసార్లు భాగించాలి. 72 టన్నుల వైడీఎమ్-4ని అలా కుదిస్తే మిగిలేది దాదాపు 109 గ్రాములు, ఒక మోస్తరు జామకాయంత. ఆ బరువుతో చక్రాలు పట్టా మీద జారిపోతాయి, ఐదు పెట్టెలు కూడా లాగలేవు. అందుకే మంచి తయారీదారులు లోపలి చట్రాన్ని పోతపోసిన లోహంతో చేసి బరువు పెంచుతారు. 22.5 స్కేలులో లెక్క ప్రకారం ఆరు కిలోలు దాటాలి. ఇంజను చేతికి తీసుకోగానే అరచెయ్యి కిందికి దిగితే అది మంచి గుర్తు. చట్రం తేలిగ్గా ఉండి, చక్రాలకు రబ్బరు పట్టీలు మాత్రం తొడిగి ఉంటే జాగ్రత్త. ఆ పట్టీలు లాగే బలాన్ని పెంచే మాట నిజమే. కానీ రబ్బరు తొడిగిన చక్రం పట్టా నుంచి కరెంటు అందుకోలేదు, పైగా కొన్నేళ్లకు రబ్బరు గట్టిపడి పెళుసెక్కుతుంది.

ఇంజనును వెల్లకిలా తిప్పాలి. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. ఎన్ని చక్రాలు కరెంటు తీసుకుంటున్నాయి? ఎన్ని ఇరుసులకు గేరు ఉంది? ఆరు ఇరుసుల ఇంజనులో ఒక బోగీకే మోటారు బిగించి, రెండోదాన్ని ఉత్తినే దొర్లనిచ్చే చవకరకాలు బోలెడు. ఒక చక్రాన్ని వేలితో మెల్లగా కదిలించి చూడాలి. కొద్దిగా ఆడితే ఫరవాలేదు, దాన్నిబట్టే చక్రం వంపు తిరుగుతుంది. గలగలా ఊగితే మాత్రం బుష్ అరిగింది. పట్టా మీద పెట్టి నడిపినప్పుడు చక్రం చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక్కటే 'టిక్' మని చప్పుడు వస్తుంటే, ఇరుసుకు బిగించిన ప్లాస్టిక్ పళ్లచక్రం చీలిందని అర్థం. ఇరుసు లోహం, పళ్లచక్రం ప్లాస్టిక్. ఏళ్ల తరబడి ఆ బిగువు తట్టుకోలేక ప్లాస్టిక్ నిలువునా చిట్లుతుంది. చిట్లిన చోట రెండు పళ్ల మధ్య ఎడం పెరిగి, గేరు ప్రతి చుట్టులో ఒకసారి ఎగురుతుంది. మిరపకాయలో గింజల గలగల లాంటిదే ఈ చప్పుడు, వినేవాడికి లోపల ఏముందో చెప్పేస్తుంది.

వేగంగా పరిగెత్తించి చూపించే అమ్మకందారుకు లొంగకూడదు. ఏ మోటారైనా పూర్తి కరెంటు ఇస్తే తిరుగుతుంది. నెమ్మదిగా నడపమనాలి. మీటర్ గేజి గూడ్సు గంటకు 50 కిలోమీటర్లు పోతే, 87 స్కేలులో ఒక మీటరు పట్టా దాటడానికి ఆరు సెకన్లకు పైగా పట్టాలి. స్టేషనులోకి వచ్చే బండి ఇంకా నిదానం. ఒక్కో స్లీపరునూ ఒక్కో సెకనులో దాటుతూ, ఎక్కడా తడబడకుండా, ఆగి మళ్లీ ఉలిక్కిపడకుండా పాకగలిగే ఇంజను చాలా అరుదు. దాని వెనక మోటారు పనితనం ఉంటుంది. మూడు ధ్రువాల చవక మోటారు తిరుగుతూ తిరుగుతూ ఒక్కో ధ్రువం దగ్గర పట్టి వదులుతుంది. ఐదు ధ్రువాలైతే ఆ కుదుపు తగ్గుతుంది. మోటారు ఇరుసుకు ఫ్లైవీల్ కూడా ఉంటే, పట్టా మీద దుమ్ము తగిలి క్షణం కరెంటు పోయినా బండి అలాగే జారుతుంది. నిజం ఇంజనుకు దాని డెబ్బై టన్నుల బరువే ఫ్లైవీల్. కుదించిన ఇంజనులో ఆ ఊపు మిగలదు, విడిగా పెట్టాలి.

లోహం సంగతి అన్నిటికంటే బాధాకరమైనది. 1930ల నాటి ఇంజన్లు ఎన్నో జింకు మిశ్రమంతో పోతపోసినవి. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన ఆ మిశ్రమాన్ని జర్మన్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి జమాక్ అన్నారు. అందులో సీసం ఏ కాస్త కలిసినా లోహం రేణువుల సరిహద్దుల్లో కుళ్లు మొదలవుతుంది. తేమ, వేడి దాన్ని తొందరచేస్తాయి. ముందు సన్నని జుట్టంత గీతలు, తర్వాత ఉబ్బు, తర్వాత చట్రం వంగి చక్రాలు బిగుసుకుపోవడం, చివరికి వేళ్ల మధ్య పొడి. బాగుచేసే మార్గం లేదు. కాబట్టి పాత ఇంజను కొనేటప్పుడు రంగు కింద గీతలు ఉన్నాయేమో భూతద్దంతో వెతకాలి. చట్రాన్ని చదునైన అద్దం మీద పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూడాలి. యార్డులో శీతల గిడ్డంగిలో ఉంచిన ఏసీ కాయకూ బయట నిల్వ చేసిన కాయకూ తేడా తెలిసిన ఊళ్లలో ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మే నెల ఎండ, ఆ వెంటనే వచ్చే వానల తేమ బాగా తగిలే గుంటూరులో మోడల్‌ను ఇనప బీరువా పైఅరలో కాకుండా, సిలికా జెల్ సంచితో పాటు చల్లని గదిలో ఉంచాలి.

సొగసు చివరగా చూడటమే మేలు. అసలు ఇంజను మీది పట్టుకమ్మి మూడు సెంటీమీటర్ల పైచిలుకు మందం ఉందనుకుంటే, 87 స్కేలులో అది మిల్లీమీటరులో మూడోవంతు. ప్లాస్టిక్‌లో అంత సన్నంగా పోస్తే విరుగుతుంది. మందంగా పోస్తే ఇంజను మీద పైపులు బిగించినట్టు ఉంటుంది. మంచి మోడల్‌లో అది విడిగా గుచ్చిన ఉక్కుతీగ. నంబరు అక్షరాలు భూతద్దం కింద చూస్తే అంచులు మసకబారకూడదు. జపాన్, కొరియాల్లో చేత్తో అతికించి చేసిన ఇత్తడి మోడళ్లు ఈ విషయంలో ఎంతో ఎత్తున ఉంటాయి. చాలావాటి నడక మాత్రం ఆ అందానికి సాటిరాదు. అద్దాల బీరువాకు ఒకటి, పట్టాలకు ఇంకొకటి అనుకుని కొనేవాళ్లే ఎక్కువ. నడవని ఇంజనుకు పెద్ద ధర పెట్టడం అన్యాయమనే అనిపిస్తుంది.

ధర వేరే దారిలో నడుస్తుంది. అసలు డబ్బా, లోపలి కాగితాలు, ఊడిపోకుండా సంచిలోనే ఉన్న చిన్న భాగాలు ఉంటే పాత ఇంజను విలువ బాగా పెరుగుతుంది. రంగు మళ్లీ వేసి ఉంటే పడిపోతుంది, ఎంత నైపుణ్యంగా వేసినా సరే. గ్వాలియర్ రాజులు సింధియాల భోజనబల్ల మీద వెండి రైలు ఉంది. ఇంగ్లండులో బాసెట్-లోక్ చేసింది. భోజనం తర్వాత బ్రాందీ, చుట్టలు అతిథుల దగ్గరికి తీసుకెళ్లేది. జైవిలాస్ మహల్‌లో ఇప్పటికీ చూడవచ్చు. దాని విలువ వెండి బరువులో లేదు, అలాంటిది రెండోది లేకపోవడంలో ఉంది. మామూలు మోడళ్లకు ఆ అదృష్టం లేదు. చిన్నప్పుడు వాటితో ఆడుకున్న తరం పెద్దదై, వాళ్ల సేకరణలు ఒకేసారి బజారుకు వస్తే ధరలు జారుతాయి. మన దేశంలో ఇంకో మెలిక ఉంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. జర్మనీలో వాడిన ఇంజను చవగ్గా దొరికిందని సంతోషించినవాళ్లు దాన్ని గుంటూరు చేర్చే లెక్క కూడా ముందే వేసుకోవాలి.

దేశంలో ఈ పనితనాన్ని కళ్లారా చూడాలంటే పుణె వెళ్లాలి. బి.ఎస్.జోషి 1998లో తెరిచిన బుల్లి రైళ్ల మ్యూజియంలో సిగ్నళ్లూ, వంతెనలూ, ఊరూ అన్నీ కలిసి నడుస్తాయి. మన మీటర్ గేజికి అలాంటి చోటు లేదు. మయన్మార్ పట్టాల మీద మన వైడీఎమ్-4లు రెండో జీవితం గడిపాయి. నల్లమలలో ఆ పాత దారి నాటి దొరబావి వంతెన స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఆ వంతెన మీద నడిచిన బండి ఎలా ఉండేదో ఈనాటి వినుకొండ పిల్లవాడికి చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

వైట్‌పాస్ మోడల్‌కు మళ్లీ వస్తే, దాని డబ్బా చెక్కుచెదరకుండా ఉంచితే సేకరణదారు మంచి ధర ఇస్తాడు. లేదంటే ముక్కు కోసి మనదాని ఆకారంలో మళ్లీ కట్టి, దక్షిణ మధ్య రైల్వే రంగులు పూసి, పక్కన తెలుగులో 'ద.మ.రై.' అని రాయవచ్చు. బజారులో దాని ధర ఆ మొదటి రంపపు కోతతోనే సగానికి పడిపోతుంది. ముందు గేరు చప్పుడు విని, చట్రంలో గీతలు లేవని తేల్చుకుని, చిన్న పట్టా ముక్క మీద నెమ్మదిగా పాకించి చూసి, అంతా బాగుందనుకుంటే రంపం తీయవచ్చు. నలభై ఐదు మిల్లీమీటర్ల పట్టాల మీద ఒక్కో స్లీపరూ దాటుకుంటూ అది వస్తుంటే, దొనకొండ ప్లాట్‌ఫారం మీద నిలబడి బండికోసం చూసిన పెద్దవాళ్లు దాని పేరు అడగరు.