నాపరాయి చెప్పే గ్రహాల కథ

నంద్యాల జిల్లాలో ఇళ్ల ముందు పరిచే నాపరాయిని కాస్త పొడి చేసి, నిమ్మరసం పిండి చూడండి. సన్నని బుడగలు లేస్తాయి. నాపరాయి సున్నపురాయిలో ఒక రకం; ఆ బుడగల్లో ఉండేది కార్బన్ డయాక్సైడ్. ఆళ్లగడ్డ దాటి అహోబిలం కొండల్లోని క్వార్ట్‌జైట్‌ మీద పిండితే బుడగలు రావు. అది ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి.

ఈ ప్రాంతపు శిలలను విలియం కింగ్ 1872లో గ్రంథస్థం చేశాడు. బనగానపల్లె, ఔకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల ఊళ్ల పేర్లన్నీ ఇక్కడి రాతిపొరల పేర్లయ్యాయి. ఇక్కడి బెలుం గుహలు ఏర్పడిన సున్నపురాయి 50 కోట్ల ఏళ్లకు పైబడినది. అప్పుడిక్కడ సముద్రం ఉండేది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలుంటే అందులో 44 కిలోలు కార్బన్ డయాక్సైడే. సిమెంటు బట్టీలో కాల్చగానే అది బయటపడుతుంది.

గాలి రాయిగా మారిందెలా? వాననీరు కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొద్దిగా ఆమ్లమవుతుంది. రాళ్లలోని కాల్షియంను కరిగించి సముద్రానికి చేరుస్తుంది. అక్కడ ఆ రెండూ కలిసి సున్నపురాయిగా పేరుకుంటాయి. కొంత రాయి భూఫలకాలతో పాటు లోతుకు దిగి, వేడికి విడిపోయి, అగ్నిపర్వతాల నుంచి మళ్లీ గాలిలో కలుస్తుంది. భూగర్భంలో వేడి ఉన్నంతకాలం ఈ చక్రం తిరుగుతుంది.

శుక్రగ్రహం పరిమాణంలో భూమికి దగ్గరిదే. అక్కడ నీళ్లు నిలవలేదు. వాయువు రాయిగా మారే దారి మూసుకుపోయింది. అందుకే దాని వాతావరణంలో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడే. నేలమీద ఒత్తిడి మనకన్నా 90 రెట్లకు పైమాటే. భూమిమీదా దాదాపు అంత వాయువూ ఉంది, రాళ్లలో బందీగా.

ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే రాతిగ్రహాల్లోనూ గాలి తీరును తేల్చేది రాయే. గర్భంలోని శిలాద్రవంలో లోహపు ఇనుము మిగిలి ఉంటే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వెలువడతాయి. ఆక్సిజన్ పుష్కలంగా ఉంటే నీటిఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. మనకు 41 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న 55 కాంక్రి-ఇ గ్రహానికి ఏడాదంటే 18 గంటల లోపే. నక్షత్రానికి అంత దగ్గరగా ఉండడంతో దాని ఉపరితలం కరిగి ఉంటుందని అంచనా. 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అక్కడ వాతావరణం ఉందనడానికి సూచనలు పట్టింది. శిలాద్రవమే ఆ వాయువులను నింపుతూ ఉండవచ్చంటారు శాస్త్రజ్ఞులు. అదే టెలిస్కోపు 2023లో ట్రాపిస్ట్-1బి గ్రహాన్ని పరిశీలిస్తే దట్టమైన వాతావరణం జాడే లేదు.

కాబట్టి ఒక గ్రహం గాలిలో కార్బన్ డయాక్సైడ్ కనబడినంత మాత్రాన అక్కడ జీవం నిలుస్తుందో లేదో తేల్చలేం. ఆ వాయువును రాయిగా మార్చే నీళ్లున్నాయా, తిరిగి పైకి పంపే వేడి గర్భంలో మిగిలిందా అన్నవే మనం అడగాల్సిన ప్రశ్నలు.